పదిహేనణాల చెట్టు

అణాలు పోయి నయాపైసలు వచ్చింది 1957లో. అయినా మనం ఇంకా "పదహారణాల తెలుగువాడు" అంటూనే ఉన్నాం. కల్తీ లేనిది, నికార్సయినది అని చెప్పడానికి. ఈ వ్యాసం పదిహేనణాల దగ్గర ఆగిన ఒక చెట్టు గురించి. ఆ పదిహేనణాలకి అటు ఉన్న ఒక్క అణా ఎక్కణ్ణుంచి వచ్చింది, ఎవరు కలిపారు, అది సరిపోయిందా లేదా అన్నదే దాని నూరేళ్ళ చరిత్ర.

చెట్టు పేరు అమెరికన్ చెస్ట్‌నట్. తెలుగులో దీనికి పేరు లేదు, ఉండాల్సిన అవసరమూ రాలేదు. నేను దీని గురించి మొదట చదివింది రిచర్డ్ పవర్స్ నవల 'ది ఓవర్‌స్టోరీ'లో. అందులో అయోవాలో వలస వచ్చి స్థిరపడిన ఒక కుటుంబం తమ పొలంలో ఉన్న చెస్ట్‌నట్ చెట్టుకి నెలకో ఫొటో చొప్పున తరతరాలుగా తీస్తూ పోతుంది. ఇంటర్లో ఎంపీసీ తీసుకున్న రోజే బోటనీకి దణ్ణం పెట్టేసిన నాలాంటివాడికి ఆ అధ్యాయం ఒక మంచి కథ, అంతే. తర్వాత అసలు చరిత్రలోకి దిగాక తెలిసింది, ఇది నవలలో కంటే చాలా చిక్కుముళ్ళున్న వ్యవహారమని. ముఖ్యంగా "మెరుగైన చెట్టుని తయారు చేద్దాం" అన్న ఆలోచన ఎన్నిసార్లు ఎన్ని రకాలుగా తలకిందులయిందో చూస్తే.

ఉన్నప్పుడు ఎలా ఉండేది

అమెరికా తూర్పు అడవుల్లో, పైన మెయిన్ రాష్ట్రం నుంచి కింద జార్జియా, మిసిసిపీ దాకా, అపలాచియన్ కొండల పొడవునా ఈ చెట్లుండేవి. 300 కోట్ల నుంచి 400 కోట్ల దాకా అని అంచనా. కొన్ని కొండ ప్రాంతాల్లో అడవిలో ప్రతి నాలుగు చెట్లలో ఒకటి ఇదేనంటారు. ఓక్ చెట్లు వసంతం మొదట్లోనే పూస్తాయి, ఆలస్యంగా మంచు కురిసిందంటే ఆ ఏడు కాపు పోయినట్టే. చెస్ట్‌నట్ జూన్ దాటాక తీరిగ్గా పూస్తుంది. అందుకని దాదాపు ఏటా కాస్తుంది. ఎలుగుబంట్లు, జింకలు, ఉడతలు, అడవిలోకి తోలిన పందులు, కొండవాలు పల్లెల్లో పేదవాళ్ళు, అందరూ దాని గింజల మీద బతికేవాళ్ళు. నిప్పుల మీద కాల్చుకు తింటే రుచి మన కాల్చిన పనస గింజకి దగ్గరగా ఉంటుంది, కాస్త తియ్యగా. పల్లెవాళ్ళు వాటిని బస్తాలకెత్తి అమ్ముకుని, ఆ డబ్బుతో చలికాలానికి పిల్లలకి బూట్లు కొనేవాళ్ళు.

ఇక కలప. నిటారుగా పెరుగుతుంది, తేలిగ్గా చీలుతుంది, త్వరగా కుళ్ళదు. రైలు పట్టాల కింద స్లీపర్లు, టెలిగ్రాఫ్ స్తంభాలు, కంచెలు, ఇళ్ళ దూలాలు, ఊయలలు, శవపేటికలు. తోళ్ళు ఊనడానికి కావలసిన టానిన్ కూడా దీన్నించే తీసేవాళ్ళు. మనిషి పుట్టుక నుంచి చావు దాకా పనికొచ్చే చెట్టు అన్నమాట. మన పల్లెల్లో తాటిచెట్టు గురించి ఇలాంటి మాటే వింటాం కదా.

1904, ఒక జూలో

1904లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్ జూ అటవీ అధికారి హెర్మన్ మెర్కెల్, తన ఆవరణలో చెస్ట్‌నట్ చెట్లు ఎండిపోతున్నాయని గమనించాడు. కొమ్మలు నరికించాడు, బోర్డో మిశ్రమం కొట్టించాడు. (ద్రాక్ష తోటలున్న రైతుకి ఈ మందు గురించి చెప్పక్కర్లేదు.) లాభం లేకపోయింది. పక్కనే ఉన్న బొటానికల్ గార్డెన్‌లో శిలీంధ్రాల నిపుణుడు విలియం మరిల్ దానికి కారణమైన శిలీంధ్రాన్ని పట్టుకుని 1906లో పేరు పెట్టాడు. ఇప్పుడు దాన్ని క్రిఫోనెక్ట్రియా పారసిటికా అంటున్నారు.

ఈ తెగులు పనిచేసే తీరు తెలుసుకోవాలి, ఎందుకంటే తర్వాత కథంతా దాని మీదే ఆధారపడి ఉంది. బెరడు మీద చిన్న గాటు చాలు, అందులోంచి శిలీంధ్రం లోపలికి వెళ్తుంది. ఆక్జాలిక్ ఆమ్లం వదిలి బెరడు కింది కణాలని చంపుతూ పుండులా పాకుతుంది. ఆ పుండు కాండాన్ని చుట్టేసిందంటే పైభాగానికి ఆహారం, నీళ్ళు అందవు, చెట్టు మోడవుతుంది. కానీ వేళ్ళు చావవు. మట్టిలో ఉండే ఇతర సూక్ష్మజీవులు ఈ శిలీంధ్రాన్ని అక్కడ బతకనివ్వవు. కాబట్టి మోడు మొదట్లోంచి పిలకలు వస్తాయి. కొన్నేళ్ళు పెరుగుతాయి, బెరడు పగుళ్ళివ్వగానే మళ్ళీ తెగులు తగులుతుంది, మళ్ళీ మోడు. పూత దాకా వచ్చే పిలక అరుదు. చావు రాదు, బతుకు సాగదు.

శిలీంధ్రం తూర్పు ఆసియాది. 1876 నుంచీ అమెరికా నర్సరీలు జపాన్ చెస్ట్‌నట్ మొక్కల్ని దిగుమతి చేసుకుంటున్నాయి. పొట్టిగా ఉంటాయి, పెద్ద గింజలు కాస్తాయి, తోటలకి బావుంటాయి. ఆ మొక్కలు ఈ తెగులుతో వేల ఏళ్ళుగా సహజీవనం చేస్తున్నవే, వాటికేం కాదు. 1913లో ఫ్రాంక్ మేయర్ అనే మొక్కల అన్వేషకుడు చైనాలో ఇదే శిలీంధ్రాన్ని కనుక్కున్నాక అది వచ్చిన దిక్కు రూఢి అయింది. తెగులుని తెచ్చిన చుట్టాలే తర్వాత మందు కూడా తేవాల్సి వచ్చింది, అది ముందు ముందు చూద్దాం.

గొడ్డలి వైద్యం

1911లో పెన్సిల్వేనియా రాష్ట్రం చట్టం చేసి, ప్రత్యేకంగా ఒక కమిషన్ వేసి, 2,75,000 డాలర్లు కేటాయించింది. రోగం తగిలిన చెట్లని వెతికి నరకడం, ఒక గీత గీసి దానికి పశ్చిమంగా తెగులుని దాటనివ్వకపోవడం, ఇదీ పథకం. బాయ్ స్కౌట్లని కూడా దింపారు. ఆ శిలీంధ్రపు బీజాలు గాలిలో, వానలో, పక్షుల కాళ్ళకంటుకుని ప్రయాణిస్తాయి. గీతలు వాటికి కనపడవు. 1913లో కమిషన్ మూతపడింది. అప్పటి నుంచి 1950 నాటికి దాదాపు మొత్తం ప్రాంతంలో పెద్ద చెట్లు పోయాయి. ఈ చెట్టునే నమ్ముకున్న కొన్ని రకాల చిమ్మటలు కూడా దీంతోపాటే అంతరించాయని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. నిప్పుల మీద చెస్ట్‌నట్లు కాలే దృశ్యంతో మొదలయ్యే ఆ ప్రసిద్ధ క్రిస్మస్ పాట రాసింది 1945లో. అప్పటికే ఆ గింజలు కాసే అడవి అమెరికాలో దాదాపు లేదు.

నన్ను ఎక్కువ పట్టుకున్నది తెగులు కాదు, దాని ముందు పరిగెత్తిన గొడ్డలి. "ఎలాగూ చస్తాయి, చచ్చేలోపు నరికి అమ్ముకోండి" అని భూముల యజమానులకి సలహాలిచ్చారు. ఆరోగ్యంగా ఉన్న చెట్లు కూడా కోతమిల్లులకి వెళ్ళిపోయాయి. కోట్ల చెట్లున్న జాతిలో తెగులుని కాస్తో కూస్తో తట్టుకునేవి లక్షకొకటో పది లక్షలకొకటో ఉండే అవకాశముంది. అవేవో తెలియాలంటే ఒకటే దారి, తెగులు వచ్చి పోయేదాకా ఆగి, ఎవరు నిలబడ్డారో చూడటం. ఆగలేదు. ఎవరి పేరు మీద ఏ గుణం ఉందో చూడకుండానే రికార్డుల గది తగలబెట్టినట్టయింది.

మనకి ఈ భయం మరీ పరాయిదేం కాదు. 2021లో తెలంగాణలో, ఆంధ్రలో వేపచెట్లు కొమ్మల చివర్ల నుంచి మాడిపోతూ వచ్చాయి గుర్తుందా? అదీ శిలీంధ్రమే. ఊరి మధ్య నిలువెత్తు వేప గోధుమ రంగుకి తిరిగితే జనం గుండె ఎలా జారిందో చూశాం. వేప చాలా చోట్ల మళ్ళీ చిగిర్చింది. చెస్ట్‌నట్‌కి ఆ అదృష్టం దక్కలేదు.

ఎనిమిదణాల నుంచి పదిహేనణాలకి

చైనా చెస్ట్‌నట్‌కి తెగులుని తట్టుకునే గుణం ఉంది. అమెరికన్ చెస్ట్‌నట్‌కి అడవిలో నూరడుగులు లేచే గుణం ఉంది. రెండిటినీ కలిపితే? ఈ ఆలోచన అందరికీ వచ్చింది. అమెరికా వ్యవసాయ శాఖలో వాల్టర్ వాన్ ఫ్లీట్ మొదలుపెట్టాడు, ఆ తర్వాత రసెల్ క్లాపర్, జెస్సీ డిల్లర్ కొనసాగించారు. కనెక్టికట్‌లో ఆర్థర్ గ్రేవ్స్ 1930లో సంకరాలు మొదలెట్టాడు. పూలకి కాగితం సంచులు కట్టడం, పుప్పొడి దులపడం, గింజ నాటడం, చెట్టయ్యేదాకా ఆగడం, తర్వాత తెగులుకి వదిలి చూడటం. వచ్చిన సంకరాలు అటూ ఇటూ కాకుండా ఉండేవి. తెగులుని తట్టుకునేది తోట చెట్టులా పొట్టిగా గుబురుగా తయారయ్యేది. ఎత్తుగా పెరిగేది చచ్చిపోయేది. 1960లో వ్యవసాయ శాఖ చేతులెత్తేసింది. కనెక్టికట్ వాళ్ళు మాత్రం వదల్లేదు.

ఇరవై ఏళ్ళ తర్వాత ఆ ఫైలు మళ్ళీ తెరిచినవాడు చెట్ల మనిషి కాదు, మొక్కజొన్న మనిషి. చార్లెస్ బర్న్‌హామ్, మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో జన్యు శాస్త్రవేత్తగా చేసి రిటైరయినవాడు. కుర్రతనంలో కార్నెల్‌లో బార్బరా మెక్లింటాక్‌ బృందంతో పనిచేసినవాడు. పాత రిపోర్టులు చదివి ఆయన ఆశ్చర్యపోయాడు. ధాన్యపు పంటల్లో అప్పటికి అందరికీ తెలిసిన బ్యాక్‌క్రాస్ పద్ధతిని చెస్ట్‌నట్‌లో వరసపెట్టి ఎందుకు వాడలేదు? 1983లో ఆయన, ఫిలిప్ రటర్, మరికొందరు కలిసి అమెరికన్ చెస్ట్‌నట్ ఫౌండేషన్ పెట్టారు. స్థాపక సభ్యుల్లో నార్మన్ బోర్లాగ్ కూడా ఉన్నాడు. 1989లో వర్జీనియాలోని మెడోవ్యూలో పరిశోధన క్షేత్రం మొదలైంది. అక్కడ ఫ్రెడ్ హెబార్డ్ అనే శాస్త్రవేత్త దశాబ్దాల పాటు పనిచేశాడు.

లెక్క అణాల్లో చెప్పుకుంటే సుళువు. చైనా చెట్టునీ అమెరికా చెట్టునీ కలిపితే పుట్టేది ఎనిమిదణాల అమెరికన్. దాన్ని మళ్ళీ అమెరికన్‌తో కలిపితే పన్నెండణాలు. ఇంకోసారి కలిపితే పద్నాలుగు. మూడోసారికి పదిహేను. ప్రతి తరంలోనూ కాండానికి చిన్న బెజ్జం పెట్టి శిలీంధ్రాన్ని ఎక్కించి, పుండు ఎంత పాకిందో కొలిచి, తట్టుకున్నవాటినే ముందుకి తీసుకెళ్తారు. చివరికి మిగిలే ఆ ఒక్క అణాలో చైనా చెట్టు ఇచ్చిన నిరోధక జన్యువులుంటాయి, మిగతా పదిహేనణాలూ అడవి చెట్టే. చూడముచ్చటైన లెక్క. ఇంజనీర్‌ని, నాకు ఇలాంటివి చూడగానే నచ్చేస్తాయి.

ఇదే పద్ధతి హైదరాబాద్‌లో ఎలా పనిచేసిందో చూడండి. బాపట్లలో పుట్టిన బీపీటీ 5204, అదే మన సాంబ మసూరి, అన్నం రుచికి పెట్టింది పేరు, కానీ బ్యాక్టీరియా ఎండాకు తెగులుకి తేలిగ్గా లొంగిపోతుంది. సీసీఎంబీ, వరి పరిశోధన సంచాలనాలయం కలిసి నిరోధకత ఇచ్చే మూడు జన్యువులని బ్యాక్‌క్రాస్ ద్వారా సాంబ మసూరిలోకి తెచ్చారు. ఏ మొక్కలో ఆ జన్యువులు ఉన్నాయో డీఎన్ఏ గుర్తుల్ని బట్టి చూసుకుంటూ వచ్చారు. 2008లో ఇంప్రూవ్డ్ సాంబ మసూరి విడుదలైంది. రుచి అదే, తెగులు బెడద తగ్గింది.

తేడా ఎక్కడుంది? వరికి ఏడాదికి రెండు తరాలు. చెస్ట్‌నట్‌కి ఒక్కో తరానికి అయిదారేళ్ళు. వరిలో ఏ మూడు జన్యువులు కావాలో ముందే తెలుసు. చెస్ట్‌నట్‌లో రెండో మూడో ఉంటాయని ఊహించారు, ఆ ఊహ మీదే పథకం మొత్తం కట్టారు. అయినా పని సాగింది. పదిహేనణాల చెట్లని వాటిలో వాటికే సంకరం చేసి, 2009 నుంచి కొన్నిటిని జాతీయ అడవుల్లో నాటారు. వాటికి పెట్టిన పేరు 'రెస్టొరేషన్ చెస్ట్‌నట్ 1.0'. ఈ పేరు చదివి నవ్వుకున్నాను. 1.0 అని రాశారంటే 1.1 వస్తుందని వాళ్ళకీ తెలుసన్నమాట.

తర్వాత జన్యుపటాలు చదివే సాంకేతికత వచ్చింది. ఈ చెట్ల డీఎన్ఏని కలిపి విశ్లేషించి 2020లో ప్రచురించిన పరిశోధన తేల్చింది ఇది: నిరోధకత రెండు మూడు జన్యువుల పని కాదు, క్రోమోజోముల నిండా చెదిరి ఉన్న చాలా జన్యువుల ఉమ్మడి పని. చెట్టులో అమెరికన్ వాటా పెరిగేకొద్దీ తట్టుకునే శక్తి తగ్గుతోంది. అంటే అణాలు పెంచుకుంటూ పోయే లెక్కలోనే చిక్కుంది. ఎత్తుని వెనక్కి తెచ్చుకుంటూ, దానికోసమే తెచ్చుకున్న కవచాన్ని తరం తరానికీ కొంచెం కొంచెం వదిలేస్తూ వచ్చారు.

ఒక్క జన్యువు చాలనుకున్నవాళ్ళు

ఈలోగా న్యూయార్క్ రాష్ట్రంలోని సిరాక్యూస్‌లో విలియం పావెల్, చార్లెస్ మేనార్డ్ అనే ఇద్దరు ఇంకో దారి పట్టారు. శిలీంధ్రం ఆయుధం ఆక్జాలిక్ ఆమ్లం కదా, దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్‌ని తయారుచేసే జన్యువు గోధుమలో ఉంది. దాన్ని చెస్ట్‌నట్‌లో పెడితే చెట్టు పదహారణాలూ అమెరికన్‌గానే ఉంటుంది, పైన ఒక్క గోధుమ జన్యువు. ఆ చెట్లకి తమ పనికి అండగా నిలిచిన హెర్బర్ట్ డార్లింగ్ పేరు పెట్టారు. వాటిలో డార్లింగ్ 58 అనే దాన్ని ఎంచుకుని, అడవిలో నాటడానికి అనుమతి కోరుతూ 2020లో ప్రభుత్వానికి దరఖాస్తు పెట్టారు. జన్యుమార్పిడి అడవి చెట్టుకి అనుమతి అడగడం చిన్న విషయం కాదు. వ్యతిరేకించినవాళ్ళూ ఉన్నారు.

2023 నవంబర్‌లో పావెల్ చనిపోయాడు. సరిగ్గా డిసెంబర్‌లో బయటపడింది, ఏళ్ళ తరబడి పరీక్షిస్తున్న చెట్లు డార్లింగ్ 58 కావు, డార్లింగ్ 54 అని. 2016 ప్రాంతంలో పుప్పొడి దగ్గర ఎక్కడో లేబుళ్ళు తారుమారయ్యాయి. రెండిటిలోనూ ఉన్నది అదే గోధుమ జన్యువు. కానీ 54లో అది వెళ్ళి కూర్చున్నది చెట్టుకి సొంతంగా ఉన్న ఒక జన్యువు మధ్యలో. ఫౌండేషన్ ఆ నెల్లోనే తన మద్దతు వెనక్కి తీసుకుంది. పొరపాటు ఒక్కటే కారణం కాదు, పొలాల్లో ఆ చెట్లు సరిగ్గా ఎదగడం లేదు, కొన్ని చచ్చిపోతున్నాయి, నిరోధకత చెట్టు చెట్టుకీ మారిపోతోంది అని చెప్పింది. విశ్వవిద్యాలయం ఒప్పుకోలేదు, 54 పనికొస్తుందంటూ ముందుకే వెళ్ళింది.

మా వృత్తిలో దీన్ని ఒక్క వాక్యంలో చెప్పొచ్చు. పరీక్షించింది ఒక బిల్డ్, కాగితాల మీద రాసింది ఇంకో బిల్డ్. మేమైతే వెనక్కి తిప్పి, రాత్రికి రాత్రి సరిదిద్దుతాం. చెట్టుకి వెనక్కి తిప్పే బటన్ లేదు. ఏడేళ్ళ తర్వాత తెలిసిన పొరపాటు ఖరీదు ఏడేళ్ళు. ఒక మనిషి పనిచేసే కాలంలో అలాంటి ఏడేళ్ళు ఎన్నుంటాయి?

అణా ఎవరిది

ఈ చరిత్రంతా చదువుతున్నప్పుడు నన్ను వదలని ప్రశ్న ఒకటుంది. పదిహేనణాల చెట్టు అమెరికన్ చెస్ట్‌నట్టేనా? స్వచ్ఛతావాదులు కాదంటారు. జన్యుమార్పిడి పక్షం వాళ్ళు, అందుకే మా దారి మేలు, అన్నీ ఉంచి ఒక్కటే కలిపాం అంటారు. నాకనిపించేది వేరు. అచ్చతెలుగుతనాన్ని కొలవడానికి మనం వాడే 'అణా' అన్న మాటే తెలుగుది కాదు, హిందీ నుంచి వచ్చింది. అయినా ఆ పలుకుబడి మనదే, ఎవరికీ అనుమానం లేదు. భాష బతికేది మాటలు ఎక్కడివని కాదు, వాటితో పిల్లలు మాట్లాడుతున్నారా అని. అడవికీ ఇంచుమించు అదే కొలత. ఆ చెట్టు తనంతట తాను పూసి, కాసి, దాని గింజ ఉడత పాతేసి మర్చిపోతే మొలిచి, ఆ మొక్క మళ్ళీ పూత దాకా నిలబడిందా? నిలబడితే అది ఆ అడవి చెట్టే.

కానీ ఆ పరీక్షలో ఒకే ఒక్క 'ఉత్తమమైన' చెట్టు ఎప్పటికీ నెగ్గదు. పొలంలో సాంబ మసూరి లక్షల ఎకరాల్లో ఒకేలా ఉండటం దాని గొప్ప. తేడా వస్తే రైతు ఉన్నాడు, మందుంది, వచ్చే ఏడు ఇంకో విత్తనం ఉంది. అడవికి రైతు లేడు. రేపు వచ్చే తెగులు ఏదో ఎవరికీ తెలియదు. చెస్ట్‌నట్‌కే దక్షిణాన వేరు కుళ్ళు తెచ్చే ఇంకో శత్రువు ఉంది, అది ఈ బెరడు తెగులు కంటే ముందే పంతొమ్మిదో శతాబ్దంలో చాలా చెట్లని తిన్నది. కాబట్టి అడవికి కావలసింది మెరుగైన చెట్టు కాదు, మెరుగైన గుంపు. ఒకదానికొకటి పోలిక లేని వేల చెట్లు, ఒక్కోదానిలో ఒక్కో బలం. ఫౌండేషన్ ఇప్పుడు నడుస్తున్న దారి కూడా ఇదే. పదిహేనణాల పట్టు వదిలేసి, డీఎన్ఏ చూసి, తట్టుకునే శక్తి ఎక్కువున్న సంకరాలనీ ఎత్తు బాగా వచ్చినవాటినీ తరం తర్వాత తరం కలుపుతూ పోతోంది. తెగులు సోకినా పెద్దవిగా బతికిన అమెరికన్ చెట్ల కోసం కొండల్లో వెతుకుతోంది. 1912లో నరికించినవాళ్ళు దేన్ని పోగొట్టారో, దాన్ని వందేళ్ళ తర్వాత వెతుకుతున్నారన్నమాట.

ఆ పాఠం ఇంకో చెట్టుకైనా పనికొచ్చింది. బేస్‌బాల్ బ్యాట్లు చేసే యాష్ చెట్టుకి ఆసియా నుంచి వచ్చిన ఒక పచ్చని పెంకుపురుగు పట్టింది. 2002లో డెట్రాయిట్ దగ్గర మొదట కనపడ్డ ఆ పురుగు కోట్ల చెట్లని చంపింది. ఈసారి అటవీ శాఖ శాస్త్రవేత్తలు ఒహాయోలో చేసిన పని, అన్నీ పోయాక కూడా పచ్చగా నిలబడ్డ ఒకటీ అరా చెట్లని గుర్తుపట్టి, వాటి కొమ్మలు తెచ్చి అంటుకట్టి, వాటిలో వాటికి సంకరాలు చేయడం. వాటిని 'మిగిలిన యాష్‌లు' అంటున్నారు. బయటి అణా అవసరమే లేకపోవచ్చు, సొంత అణా ఎక్కడుందో ఓపిగ్గా చూస్తే.

బర్న్‌హామ్ 1995లో పోయాడు. తన లెక్క ప్రకారం పదిహేనణాల చెట్టు అడవికి వెళ్ళడం ఆయన చూడలేదు, ఆ లెక్క పూర్తిగా సరికాదని తేలడమూ చూడలేదు. పావెల్ తన చెట్టు పేరు మారడం చూడలేదు. ఈ పనిలో దిగిన ప్రతివాడూ ఫలితం తన తర్వాతివాళ్ళదని తెలిసే దిగాడు. తొందరపడినవాళ్ళు మాత్రం గొడ్డలి పట్టినవాళ్ళే. ఇప్పటికీ ఆ తూర్పు అడవుల నీడలో దాదాపు 43 కోట్ల చెస్ట్‌నట్ పిలకలున్నాయని ఒక అంచనా. చాలావాటి కాండం అంగుళం లావు కూడా ఉండదు. పై కొమ్మలు తెరుచుకుని కాస్త ఎండ పడితే వాటిలో కొన్ని పూస్తాయి. ఆ కొద్ది పూల పుప్పొడిని సంచుల్లో పట్టి తెచ్చి, పక్క కొండ మీది చెట్టుకి చేర్చే వాలంటీర్లు ఇప్పటికీ ప్రతి వేసవిలో నిచ్చెనలెక్కుతున్నారు.